లాప్‌టాప్‌కు కాడి దించేదెప్పుడు?

మా ఇంట్లో ఆరిపోకూడని దీపాలు రెండు. ఒకటి కార్తీకమాసంలో అమ్మ పెట్టేది, రెండోది నా లాప్‌టాప్. మొదటిదానికి శాస్త్రం ఉంది. రెండోదానికి కూడా ఒక శాస్త్రం ఏర్పరచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వపక్షం అమ్మది. ఊరి నుంచి వచ్చిన రోజే, రాత్రి పదకొండు గంటలకు దాని వెలుగు చూసి, “ఎద్దుకైనా పొద్దుగూకితే కాడి దించుతాం కదరా, దీనికి దించవా?” అంది.

“ఇది యంత్రం అమ్మా, అలసిపోదు.”

“మరి ఆ రొప్పు ఏమిటి?”

నిజమే, ఫ్యాను రొప్పుతోంది. లోపల ఐదేళ్ల దుమ్ము ఉంది.

నా పక్షాన సాక్ష్యానికి కాలిఫోర్నియా దాకా వెళ్లాను. లివర్‌మోర్ ఊళ్లో అగ్నిమాపక కేంద్రంలో ఒక బల్బు 1901 నుంచి, కొద్దిపాటి అంతరాయాలు తప్ప, వెలుగుతూనే ఉంది. ఆర్పకపోవడమే దాని ఆయుష్షుకు కారణమని ఘనంగా వాదించాను. ఇప్పుడది వెలిగేది సుమారు 4 వాట్లతో మాత్రమే అన్న సంగతి దాచాను. మందంగా వెలిగితే దీర్ఘాయుష్షు. ఈ రహస్యం తెలిసినవారు ప్రతి కార్యాలయంలోనూ ఇద్దరు ముగ్గురుంటారు. పదవీ విరమణ దాకా వారి ఫిలమెంటు తెగదు.

ఇక సిద్ధాంతం. మాండూక్యోపనిషత్తు చెప్పిన నాలుగు అవస్థలూ లాప్‌టాప్‌కు ఉన్నాయి. తెరిచి ఉంటే జాగృతి. మూత వేస్తే స్వప్నం. ఈ మధ్య వస్తున్న చాలా యంత్రాలు మూత కింద కూడా నెట్‌ను వదలకుండా మెయిళ్లు తెచ్చుకుంటూ కలలు కంటాయి. హైబర్నేట్ సుషుప్తి, జ్ఞాపకమంతా డిస్కులో రాసిపెట్టి కరెంటును వదిలేస్తుంది. షట్‌డౌన్ తురీయం, ఆ మూడింటినీ దాటిన నాలుగో అవస్థ.

స్వప్నావస్థను నమ్మి ఒకసారి లాప్‌టాప్‌ను మూత వేసి, సంచిలో పెట్టుకుని హైదరాబాదులో విజయవాడ బస్సెక్కాను. సూర్యాపేట దాటేసరికి ఒడిలో సంచి వెచ్చబడింది. దిగి తెరిచేసరికి దిబ్బరొట్టె వేసుకోదగిన వేడి, బ్యాటరీ సున్నా. అంత సేపు ఏమి కల కన్నదో ఇప్పటికీ చెప్పలేదు.

తురీయం మరీ మాయ. బుద్ధి వచ్చి, నెల రోజుల పాటు ప్రతి రాత్రీ షట్‌డౌన్ నొక్కి, దీపం కొండెక్కించిన తృప్తితో పడుకున్నాను. ఒకరోజు టాస్క్ మేనేజర్‌లో ‘అప్‌టైమ్’, అంటే యంత్రం ఆగకుండా నడుస్తున్న కాలం, చూస్తే 31 రోజులు! విండోస్ 8 కాలం నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు ఉందట. అది పనిచేస్తున్నచోట షట్‌డౌన్ నొక్కితే పైపై కార్యక్రమాలు మూతపడతాయి, గర్భగుడిలాంటి కెర్నల్, అంటే విండోస్ మూలభాగం, మాత్రం ఉన్నదున్నట్టు డిస్కులోకి వెళ్లి దాక్కుంటుంది. మర్నాడు మనం చూసేది కొత్త జన్మ కాదు, పాత జన్మకు కొనసాగింపు. పూర్తిగా చావాలంటే రీస్టార్ట్ నొక్కాలి. అంటే, చావుకోసం మళ్లీ పుట్టే బటన్ నొక్కాలి. శంకరులవారి భాష్యంలో దీనికి చోటు దొరుకుతుందేమో పండితులు చూడాలి.

ఖర్చు ఎంతని అమ్మ అడిగింది. పని లేకుండా ఊరికే వెలుగుతుంటే 15 వాట్లు అనుకుందాం. రోజుకు 0.36 యూనిట్, నెలకు 11 యూనిట్ల లోపు. వంద రూపాయలు దాటదు అన్నాను. “వంద రూపాయలు ఊరికే వస్తాయా?” అంది. దీనికి నా దగ్గర శాస్త్రం లేదు.

బ్యాటరీ సంగతి నా వాదానికి అనుకూలం కాదు గనుక త్వరగా చెప్పి దాటేస్తాను. లిథియం బ్యాటరీకి ఆకలి కన్నా అజీర్తి ఎక్కువ చేటు. ఎప్పుడూ 100 శాతం నిండి, వేడిలో కూర్చుంటే తొందరగా ముసలిదవుతుంది. అందుకే చాలా లాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సదుపాయం ఉంటుంది. నా పాతదానికి పొట్ట ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. వాము పెట్టమంది అమ్మ. మరమ్మతు దుకాణం కుర్రవాడు మాత్రం దాన్ని చేతిలోకి తీసుకోగానే నవ్వడం మానేశాడు.

ఇంత తెలిసీ ఎందుకు ఆర్పను? ఆఫీసువాళ్లు మాట్లాడుకునే టీమ్స్ యాప్‌లో ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే నా పేరు పక్కన పచ్చచుక్క పసుపురంగుకు మారుతుంది. పసుపు మనకు శుభం, మేనేజరుకు కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో, కీబోర్డు ఆడుతున్నట్టు భ్రమ కల్పించారని డజనుకు పైగా ఉద్యోగులను ఇంటికి పంపింది. పని చేస్తున్నట్టు నటించడం ఉద్యోగి స్వయంగా చేయవలసిన విధి. యంత్రానికి అప్పగించడం ఎంత తప్పు! అందుకే నేను నా చుక్కను నా చేత్తోనే కాపాడుకుంటున్నాను, స్నానానికి వెళ్లినా నాలుగున్నర నిమిషాల్లో వచ్చేస్తాను.

డిసెంబరు చలికి పాలు తోడుకోవడం మానేశాయి. ఒక సాయంత్రం పని ముగించి లేస్తుంటే, బల్ల మీద అడాప్టరుకు ఆనించి, పాత చీరముక్క చుట్టిన గిన్నె ఒకటి కనిపించింది. అమ్మే ఏదో మరిచిపోయి ఉంటుందనుకుని, ఆమె మాట ఇన్నాళ్లకైనా మన్నిద్దామని, ఏకంగా ప్లగ్గే తీయబోయాను.

“ఆగరా,” అంది వంటింటి నుంచి, “పెరుగు ఇంకా తోడుకోలేదు.”