20 నిమిషాలు దొరకని వాళ్ల సంగతేంటి?
పని ఒత్తిడిని తట్టుకోవడం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. పని ముంచుకొచ్చే రోజుల్లో పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు ధ్యానం చేయమన్నారు అందులో. బాగానే ఉంది కానీ, అంత తీరికే ఉంటే ఈ గాభరా ఎందుకండీ? నాది లెక్కల ఉద్యోగం. ఏడాది లెక్కలు ముగించే వారాల్లో కళ్లు మూసుకుంటే అంకెలే కనిపిస్తాయి.

నన్ను ఆదుకుంది ఊపిరే. ఫైలు తెరుచుకునేలోపు 4 లెక్కపెడుతూ పీల్చడం, 6 లెక్కపెడుతూ వదలడం. అంటే నిమిషానికి సుమారు 6 శ్వాసలు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. మొదటి రెండు మూడు శ్వాసలకు ఏమీ తెలీదు. ఆ తర్వాత చూస్తే, చెవుల దాకా ఎక్కిన భుజాలు వాటంతటవే కిందికి దిగి ఉంటాయి. తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి ప్రాణాయామం కూడా మంచిదే, కానీ ఆఫీసులో వద్దు. పక్క సీటాయన తుమ్మెద ఎక్కడుందా అని వెతికాడు!

ఇక అశ్వగంధ మూలికను మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోకూడదని ఒక ముక్క రాయాల్సింది. ఆయుర్వేద గ్రంథం చరక సంహిత శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో నిద్రను ఒకటిగా చెప్పింది. మీ వ్యాసంలో నిద్ర ఊసే లేదు! నేనైతే రాత్రిపూట అరికాళ్లకు గోరువెచ్చటి నువ్వుల నూనె మర్దన చేసుకుని పడుకుంటాను. పాత సాక్సులు వేసుకోండి, లేకపోతే దుప్పటికి మరకలు పోవు.