సెలీనియం సర్వేకు కొన్ని సవినయ సూచనలు

పాలమూరు, నల్లగొండ వైపు పెద్దవాళ్ల రక్తంలో సెలీనియం (తిండి ద్వారా ఒంటికి అతి కొద్దిగా కావాల్సిన ఖనిజం) ఎంతుందో తేల్చాలని పూనుకునే అధికారుల శ్రమ తగ్గించడానికే ఈ మనవి.

ఓటరు జాబితాలోంచి లాటరీ తీసి, తాళం వేసిన ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లే చాదస్తం వద్దు. పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేస్తే చాలు. పింఛను వయసువాళ్లు "మా షుగర్ గూడ జూడున్రి సారూ" అంటూ వాళ్లే వస్తారు. నారాయణపేట నుంచి ముంబై, పుణెలకు వలసపోయిన పడుచువాళ్ల సెలీనియం ఎలాగూ మహారాష్ట్ర ఖాతా. షామియానా సగటుకే 'దక్షిణ తెలంగాణ వయోజనులు' అని పేరు పెట్టుకోవచ్చు.

ఒంట్లో జ్వరం, వాపు ఉంటే తిండి సరిగ్గానే ఉన్నా ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, సెలీనియం పడిపోతుంది. అందుకే ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ రక్తపరీక్ష కూడా చూడమంటారు. చూడకండి. విషజ్వరాల సీజన్లో ఊరూరా లోపం దొరుకుతుంది, మాత్రల టెండరుకు దారి సుగమం.

రక్తం ట్రేస్ ఎలిమెంట్ల (ఒంట్లో అతి కొద్దిగా ఉండే మూలకాల) కోసం వాడే ముదురు నీలం మూత ట్యూబులోకే తీసి, అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పి, పైన తేలిన సీరం వేరుచేసి ఫ్రీజర్లో పెట్టాలన్నది రూలు. ఇదంతా దేవరకొండలో ఎందుకు? తిప్పకుండానే జీపులో నల్లగొండకు పంపండి. గతుకులకూ ఎండకూ ఎర్రకణాలు పగిలి సీరం టమాటా చారులా తయారవుతుంది. ఎర్రకణాల్లోని గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లో ఉన్నదీ సెలీనియమే కనుక అంకె పెరుగుతుంది. జ్వరాలు తగ్గించినదాన్ని రోడ్లు భవనాల శాఖ భర్తీ చేసినట్టే.

సూదంటే జనం భయపడితే వెంట్రుకలు కత్తిరించవచ్చు. కొన్ని చుండ్రు షాంపూల్లో సెలీనియం సల్ఫైడ్ ఉంటుంది, అది వెంట్రుకను పట్టుకుంటే కడిగినా పూర్తిగా పోదు. పోషకాహార పటంలో చుండ్రు ఉన్న మండలాలన్నీ పచ్చగా మెరుస్తాయి.

ఇక సెలీనియం కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం. అది పరమాణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి లెక్కిస్తుంది. అది నడిచేది ఆర్గాన్ వాయువు మీద. రెండు ఆర్గాన్ పరమాణువులు జతకడితే ద్రవ్యరాశి 80. సెలీనియంలో దాదాపు సగం ఉండేదీ అదే 80 ద్రవ్యరాశి ఉన్న ఐసోటోపే (పరమాణు రకమే), కాబట్టి యంత్రానికి రెండూ ఒకటే. రియాక్షన్ సెల్లోకి హైడ్రోజన్ వదిలి ఆ జంటను విడగొట్టకపోతే సిలిండర్లో ఉన్నదీ జనాభా లెక్కలో చేరుతుంది. విలువ ముందే తెలిసిన కంట్రోల్ సీరాన్ని ప్రతి బ్యాచ్‌లో నడిపితే ఈ సంగతి బయటపడుతుంది కాబట్టి, దాన్ని కొనకపోవడమే క్షేమం.

పత్రికా ప్రకటనలో యూనిట్ రాయొద్దు. లీటరుకు 1 మైక్రోమోల్ అంటే సుమారు 79 మైక్రోగ్రాములు. ఒక పేపరు 'ఒకటే ఉంది' అని, ఇంకోటి 'డెబ్బై తొమ్మిది దాటింది' అని రాస్తాయి. రెండింటికీ ఖండన ఒకే కాగితం మీద ఇవ్వొచ్చు.