2050లో తీరుస్తాను స్వామీ

మా ఊరి దేవుడికి అప్పుల విషయంలో లౌక్యం తెలియదు. పెళ్లి ఖర్చులకు కుబేరుడి దగ్గర పత్రం రాసిచ్చి, ఆ పాపానికి కలియుగమంతా వడ్డీ కడుతున్నాడు. వచ్చిన సొమ్ము కొలిచి కొలిచి అలసిపోయిన అన్నగారు గోవిందరాజస్వామి, ఆ కుంచాన్నే తలగడ చేసుకుని కొండ కింద పడుకున్నాడని మా పెద్దలు చెబుతారు. సంపన్న దేశాలను ఒక్క మాట అడిగి ఉంటే ఈ అవస్థే లేదు. ‘2050 నాటికి నెట్ జీరో, అంటే భూమిని వేడెక్కించే వాయువులు ఎంత వదిలితే అంత వెనక్కి తీసేస్తాం’ అని కుబేరుడికి ఒక కాగితం పంపి, అన్నదమ్ములిద్దరూ నిశ్చింతగా నిద్రపోయేవారు.

ఆ దేశాల ఖాతా కూడా చిన్నదేమీ కాదు. బొగ్గు, చమురు, గ్యాసు కాల్చి మనుషులు ఇప్పటిదాకా గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ప్రపంచ జనాభాలో ఆరో వంతు ఉన్న మన దేశం వాటా నాలుగు శాతం కూడా లేదు. ఈ వాయువు వందల ఏళ్లు పైనే ఉంటుంది కనుక, సున్నాకు ఏ సంవత్సరం చేరారన్నదానికంటే అప్పటిదాకా మొత్తం ఎంత వదిలారన్నదే ముఖ్యం. వేడిమి పెరుగుదల 1.5 డిగ్రీల దగ్గర ఆగాలంటే ప్రపంచ ఉద్గారాలు 2019తో పోలిస్తే 2030 నాటికే 43 శాతం తగ్గాలని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ లెక్క తేల్చింది. శాస్త్రవేత్తలకు బొత్తిగా మర్యాద తెలియదు. 2050కి ఇప్పటి నాయకుల్లో ఎవరు పదవిలో ఉంటారు గనుక! 2030 అంటే రేపో మాపో వచ్చే ఎన్నికలు. పెద్దమనుషులను అలా తొందరపెట్టవచ్చా?

వాళ్ల నిలకడ చూడండి. ఉద్గారాలు తగ్గించుకునే క్యోటో ఒప్పందంపై అమెరికా సంతకం చేసింది, ఆమోదించడం మాత్రం మరిచిపోయింది. అదే పనికి తర్వాత కుదిరిన పారిస్ ఒప్పందం నుంచి 2020లో బయటికి వెళ్లి, 2021లో లోపలికి వచ్చి, 2025లో మళ్లీ చెప్పులు వేసుకుంది. తిరుమల కంపార్టుమెంటులో ఎవరైనా ఇలా చేస్తే, వెనక ఉన్న భక్తులు గోవింద నామం ఆపి ఇంకేదో అందుకుంటారు. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు సంపన్న దేశాలు 2020 నాటికి ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో మాట ఇచ్చి, 2022లో ఆ మొత్తానికి చేరారు. రెండేళ్ల ఆలస్యానికి వడ్డీ ఎవరూ అడగలేదు.

2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులయ్యాయి. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వాన ఫలానా దేశం పొగ వల్లే కురిసిందని నేను అనను. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదని మాత్రం భౌతికశాస్త్రం అంటుంది. దానికీ మర్యాద తెలియదు.

ఈ పద్ధతి నాకు తెగ నచ్చి, నగలు తాకట్టు పెట్టుకునే మా వీధి వ్యాపారి దగ్గరికి మొన్న వెళ్లాను. 2050 నాటికి అసలు మొత్తం తీర్చేస్తానని, ఈలోపు ఏటా కొంచెం కొత్త అప్పు కూడా ఇవ్వాలని గంభీరంగా చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అలాగే స్వామీ. అప్పటిదాకా వడ్డీ ఎవరు కడతారు?”

చెరువు కట్ట కింద ఉండేవాళ్ల పేర్లు ఇచ్చి వచ్చాను.