వేపచెట్టుకు క్షవరకల్యాణం

మా అపార్ట్‌మెంట్ సంఘం వారికి చెట్లంటే ప్రాణం. ఆ ప్రాణం ఎక్కడుందో చూద్దామనే కాబోలు, ఏటా ఉగాదికి పది రోజుల ముందు గేటు పక్కనున్న వేపచెట్టును కోయిస్తారు.

ముహూర్తం ఊరికే పెట్టలేదు. మాఘ ఫాల్గుణాల్లో వేప ఆకు రాలుస్తుంది. ఆ ఆకు కార్ల మీద పడుతుంది. కారు మీద దుమ్ము పడొచ్చు, పావురం రెట్ట పడొచ్చు, పై ఫ్లాటు వాళ్ల తడిబట్టల నీళ్లు పడొచ్చు, ఆకు మాత్రం పడకూడదు. ఇంకో రెండు వారాలు ఓపిక పడితే చెట్టే చిగురు తొడిగి, పూత పూసి, నీడ పరుస్తుంది. ఆ రెండు వారాల ఓపికే మా వాళ్ల దగ్గర లేదు. పూత విచ్చుకునే వేళకు కొమ్మలు చెత్త బండెక్కి వెళ్లిపోతాయి. పండగ పొద్దున అధ్యక్షులవారు సంచీ పట్టుకుని బజారుకు వెళ్లి, ఇరవై రూపాయలు పోసి చారెడు వేపపువ్వు కొనుక్కొస్తారు. "రేట్లు మండిపోతున్నాయండీ" అని ఈసారి లిఫ్టులో నాతోనే వాపోయారు. ఆ ఏటి చేదు నాకు పచ్చడి తినకముందే దక్కింది.

ఈ ఏడు కోత చూడటానికి పనిగట్టుకుని సెలవు పెట్టాను. చెట్టెక్కిన మనిషి చేతిలో రంపం ఉంది. బుర్ర మాత్రం కింద ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. అధ్యక్షులవారు కాఫీ గ్లాసుతో కూర్చుని "సైడ్లు తగ్గించు, పైన మీడియం" అన్న ధోరణిలో ఆజ్ఞలు జారీ చేస్తున్నారు. తూర్పు కొమ్మ పోయింది. దాంతో పడమర బరువెక్కువై చెట్టు ఒరుగుతుందేమోనని సెక్రటరీ గారికి టెన్షన్. పడమర కొమ్మా పోయింది. తీరా చూస్తే పడమర కాస్త ఎక్కువ తెగింది, కాబట్టి తూర్పున ఇంకోటి. పిల్లులకు రొట్టె పంచిన కోతి నయం, దానికి ఆకలైనా ఉంది. పన్నెండయ్యేసరికి సమతూకం కుదిరింది. అటూ ఏమీ లేదు, ఇటూ ఏమీ లేదు. "ఇప్పుడు నీట్‌గా ఉంది" అన్నారు కోశాధికారి గారు, బట్టతల నిమురుకుంటూ.

అయిపోలేదు. గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు డబ్బా తెప్పించి, కోసిన చోటల్లా పూయించారు. పచ్చదనం తిరిగొచ్చింది. చెట్టు గాయం మన పుండులా మానదు, చుట్టూ లోపల గోడ కట్టుకుని కుళ్లును అక్కడే ఆపుకుంటుంది, పెయింటు దానికి సాయం చేయదు అని అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను చీల్చి చూసి చెప్పి దశాబ్దాలైంది. పాపం ఆయన మా డబ్బాలో ఎంత పెయింటు మిగిలిందో చూడలేదు.

ఇది నరకడం కాదా అని అడక్కండి. నరకాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి, 2002 నుంచీ ఉందది. మా వాళ్లు చేసేది ట్రిమ్మింగ్.

ఇంతటి శూరుల్ని మేడ మీది మల్లె కుండీల దగ్గరికి వెళ్లమనండి చూద్దాం. మల్లెకు నవంబరులో నీళ్లు ఆపాలి, చలికాలంలో ఆకు దూసి మోకాలి ఎత్తుకు కత్తిరించాలి. అప్పుడే వేసవిలో కొత్త రెమ్మలకు మొగ్గ కడుతుంది. తోటల రైతులైతే గొర్రెల్ని తోలి మరీ ఆకు మేపిస్తారు. ఈ ముక్క చెబితే కోశాధికారి గారి భార్య "పచ్చగా ఉన్న మొక్కను కోస్తారటండీ!" అని నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూశారు. నాలుగేళ్లుగా మా మల్లె ఆకులే పూస్తోంది. కింద ఫ్లాటు వాళ్ల మామిడికి పూత కొమ్మల చివర్లలో వస్తుంది గనక, కాయ దిగాక జూన్, జూలైలో కోసుకోవాలి. ముగ్గులకు అడ్డమని డిసెంబరులో కోశారు. కాయ సంగతి మీరే ఊహించుకోండి.

వేప పెద్దకొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రావడం లేదు. మొదలుకు మూరెడు ఇవతల కిందినుంచి కొంత కోసి, ఇంకాస్త అవతల మీదినుంచి కోస్తే కొమ్మ చీలకుండా పడుతుంది. మిగిలిన మోడును, మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మడత వదిలి కోయాలి. పది నిమిషాల పని. చెప్పాను. "మీరు అగ్రికల్చరా?" అన్నారు. నేరుగా మీదినుంచే కోయించారు. సగం తెగి, బరువుకు వంగి, బెరడును మానంట బారెడు పొడవున ఒలుచుకుంటూ పడింది. దాంతోపాటు సగం కట్టిన కాకిగూడు, పుల్లల మధ్య కరెంటు తీగ ముక్కలతో సహా. ఇప్పుడా మోడుల మీద గుబురుగా చిగురొస్తోంది, "చూశారా, ఎంత బాగా వచ్చిందో" అంటున్నారు. ఆ రెమ్మలకు పట్టుండదు. రేపు గాలివానకు ఒకటి ఊడి ఎవరి కారు మీదో పడితే తప్పు చెట్టుది!

ఆ కొమ్మ కింద పదకొండేళ్లుగా ఒకతను ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. అతన్ని ఎవరైనా అడిగారా? బెజవాడ ఎండలో, 45 డిగ్రీల్లో, బొగ్గుల పెట్టె ముందు నిలబడే మనిషిని? సిగ్గుండాలి మనకి. అతని చేత చొక్కాల మడత నలగకుండా చేయించుకుంటాం, అతని నెత్తి మీది నీడను మాత్రం చెత్త బండెక్కిస్తాం. బండికి పాత గొడుగొకటి కట్టుకున్నాడు. దాని నీడ మన బట్టల మీద పడుతుంది, అతని మీద పడదు.

నిన్న నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పెట్టారు. ఎండకు కార్ల రంగు వెలిసిపోతున్నందున పార్కింగు పైన షేడ్ నెట్ వేయించుటకు ఫ్లాటుకు 1,200 రూపాయలు. రంగు ఆకుపచ్చ. నెట్ మీద వేపాకు పడితే ఎవరు ఊడుస్తారని మీటింగులో ఒకాయన అడిగారట. చెట్టు సంగతి వచ్చే ఉగాదికి పూర్తిగా తేల్చేద్దాం అన్నారట.