"ఇట్స్ మీ" తప్పయితే ఒప్పేది?

"ఇంగ్లీషు వాళ్లు కూడా రోజూ చేసే గ్రామర్ తప్పులు" అంటూ ఒక జాబితా వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అందరూ అన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదని దాని వాదన. గిడుగు వారితో గ్రాంథికవాదులు ఆడిన పేచీ ఇలాంటిదే. జాబితాలో ముఖ్యమైన నాలుగూ చూద్దాం.

"ఇట్స్ మీ" తప్పు, "ఇట్ ఈజ్ ఐ" అనాలట. ఇది లాటిన్ పద్ధతి. తలుపు తట్టి మనం "నేనే" అంటాం కానీ "నన్నే" అనం కాబట్టి మనకీ ఈ సవరణ సబబుగానే తోస్తుంది. ఫ్రెంచిలో మాత్రం "సే మువా" అనాలి. "నేను" అనే అర్థంలో వాక్యం మొదట వాడే "జ" అక్కడ పనికిరాదు. ఏ భాష రూలు ఆ భాషదే.

వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదట. 1672లో ఆంగ్ల కవి జాన్ డ్రైడెన్, తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాలకు పెట్టిన వంక ఇది. "వాట్ ఆర్ యూ లుకింగ్ ఎట్?"లో "ఎట్"ను ముందుకు లాగి "ఎట్ వాట్ ఆర్ యూ లుకింగ్?" అని చూడండి. వ్యాకరణం చెడదు, మాటే కృతకంగా తయారవుతుంది. "ది మ్యాటర్ వాజ్ డెల్ట్ విత్"లోనైతే "విత్"ను జరపడానికి చోటే లేదు. అనుమానం వస్తే చివరి ప్రిపోజిషన్ తీసేసి చదవండి. అర్థం చెడితే ఉంచాలి. "వేర్ ఆర్ యూ ఎట్?"లో తీసేసినా చెడదు, ఆఫీసు మెయిల్లో తీసేయండి.

ఒక్క మనిషికి "దే" వాడకూడదట. "సమ్‌బడీ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా" తరహా వాడుక 14వ శతాబ్దం నుంచీ ఉంది. మర్చిపోయింది ఒక్కరే అయినా మనం "ఎవరో గొడుగు మర్చిపోయారు" అనడం లేదూ? ఆ మాటకొస్తే "యూ" కూడా ఒకప్పుడు బహువచనమే, మన "మీరు" లాగా.

"ఐ డోంట్ నో నథింగ్" అంటే రెండు మైనస్‌లు కలిసి ప్లస్సట! ఇది లెక్కల క్లాసు కాదు. ఆ మాట విని "ఇతనికి అన్నీ తెలుసు" అనుకునేవాడు లేడు. 14వ శతాబ్దపు కవి చాసర్ కాలపు ఇంగ్లీషులో ఇది మామూలే, కొన్ని మాండలికాల్లో ఇప్పటికీ నియమమే. అయితే నేటి ప్రామాణిక ఇంగ్లీషులో చెల్లదు. పరీక్షలో రాస్తే మార్కు పోతుంది.

మనవాళ్ల "ప్రీపోన్"నూ కొందరు తప్పుల పద్దులో రాస్తారు. అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కిన మాట. "డిస్కస్ అబౌట్" మన దగ్గర వినబడేదే, కానీ "డిస్కస్"లోనే "గురించి" ఉంది కాబట్టి రాతలో "అబౌట్" కొట్టేయాలి. "ఐ డిడ్ నాట్ వెంట్" సంగతి వేరు. భూతకాలాన్ని "డిడ్" మోస్తున్నాక మళ్లీ "వెంట్" దేనికి, "గో" చాలు. అసలైన తప్పు ఇదే, జాబితాలో లేనిదీ ఇదే.