ఆన్ రిచర్డ్స్ ఒక్క ప్రసంగంతో గవర్నర్ అయ్యారా?

టెక్సాస్ మాజీ గవర్నర్ ఆన్ రిచర్డ్స్ గురించి ఒక కథ ఏళ్ల తరబడి షేర్ అవుతూనే ఉంది. ఆమె టెక్సాస్ తొలి మహిళా గవర్నర్ అట. నలుగురు పిల్లల తల్లి, మామూలు గృహిణి, 1988లో డెమోక్రటిక్ పార్టీ మహాసభలో చేసిన ఒక్క ప్రసంగంతో రాత్రికి రాత్రే స్టార్ అయిపోయి, రెండేళ్లకే గవర్నర్‌గా గెలిచారట. అంతకుముందు చేసిన స్టేట్ ట్రెజరర్ (రాష్ట్ర ఖజానా చూసే అధికారి) ఉద్యోగం పేరుకే పదవట, అందుకే తర్వాత దాన్ని ఎత్తేశారట. ఆమెను మెచ్చుకుంటున్నామనుకునే ఇలా రాస్తున్నారు. కానీ ఇందులో సగం తప్పు, మిగతా సగం ఆమె పడ్డ కష్టాన్ని తుడిచిపెట్టేస్తోంది.

ముందు "తొలి మహిళా గవర్నర్" సంగతి. టెక్సాస్‌కి మొదటి మహిళా గవర్నర్ మిరియం ఫెర్గూసన్. 1925లో ఒకసారి, 1933లో మరోసారి ఆమె ఆ పదవి చేపట్టారు. భర్త జేమ్స్ ఫెర్గూసన్ గవర్నర్‌గా ఉండి 1917లో అభిశంసనకు గురయ్యారు, ఆయన పోటీ చేయలేని పరిస్థితిలో ఈమె నిలబడ్డారు. రిచర్డ్స్ రెండో మహిళ. భర్త పేరు అవసరం లేకుండా తన రాజకీయ బలంతో గెలిచిన మొదటి మహిళ అంటే మాత్రం ఒప్పుకుంటాను.

ఇక ఒక్క ప్రసంగం మాట. 1988 జులైలో అట్లాంటా మహాసభలో ఆమె ప్రసంగం దేశమంతా మారుమోగిన మాట నిజమే. అప్పటి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి సీనియర్ బుష్ మీద వేసిన చురకలు ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. కానీ ఆ రోజు వేదికెక్కింది ఎవరో అనామకురాలు కాదు, రాష్ట్రమంతటా రెండుసార్లు గెలిచిన ట్రెజరర్. ఆమె ఆస్టిన్‌లో టీచర్‌గా పనిచేశారు. 1972లో న్యాయవాది శారా వెడింగ్టన్‌ని టెక్సాస్ శాసనసభకు గెలిపించడానికి ప్రచారం నడిపారు. 1976లో ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) కమిషనర్‌గా సొంతంగా గెలిచారు. అక్కడ రోడ్లు, బడ్జెట్లు, జనం ఫిర్యాదులు అన్నీ చూసుకున్నారు. 1980లో మద్యం అలవాటు మానడానికి చికిత్స తీసుకున్నారు, ఆ విషయం దాచుకోలేదు కూడా. 1982లో ట్రెజరర్ పదవికి నిలబడ్డారు. అప్పటికి ఆ కుర్చీలో ఉన్నాయన పేరు వారెన్ హార్డింగ్ (పాత అధ్యక్షుడు కాదు, అదే పేరున్న మరొకరు). ఆఫీసు ఉద్యోగుల్ని ఎన్నికల పనికి వాడుకున్నారన్న ఆరోపణపై ఆయన మీద కేసు నడిచింది, చివరికి ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. రిచర్డ్స్ గెలిచారు. ఫెర్గూసన్ తర్వాత యాభై ఏళ్లకు టెక్సాస్‌లో రాష్ట్రవ్యాప్త ఎన్నికలో గెలిచిన మహిళ ఆమే. 1986లో రెండోసారి గెలిచేటప్పుడు ఎదురు పోటీ కూడా లేదు. ఒక్క ప్రసంగంతో పైకొచ్చారని అనడానికి ఇందులో చోటెక్కడుంది?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది "పేరుకే పదవి" అన్న మాట. ట్రెజరర్ అంటే ఏదో సంతకాలు పెట్టి కూర్చునే మనిషి అని చాలామంది అనుకుంటారు. టెక్సాస్‌లో అప్పట్లో పన్నులు వసూలు చేసి లెక్కలు రాసేది కంప్ట్రోలర్, బాబ్ బుల్లక్ లాంటి ఉద్దండుడు. వచ్చిన డబ్బును బ్యాంకుల్లో వేసి, వడ్డీ తెప్పించి, చెల్లింపులకు సిద్ధంగా ఉంచేది ట్రెజరర్. ఇద్దరినీ ప్రజలే విడివిడిగా ఎన్నుకునేవారు, గవర్నర్ నియమించేది కాదు.

రిచర్డ్స్ చేరేనాటికి ఆ ఆఫీసు పాతకాలం పద్ధతుల్లో నడుస్తోంది. వచ్చిన చెక్కులు వెంటనే బ్యాంకుకు వెళ్లేవి కావు. ఒక చెక్కు ఒక రోజు ఆగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 10 కోట్ల డాలర్ల చెక్కులు 9 శాతం వడ్డీ రోజుల్లో ఒక్క రోజు టేబుల్ మీద ఉండిపోతే పోయేది సుమారు 24,700 డాలర్లు. శుక్రవారం సాయంత్రం ఆగి సోమవారం వెళ్తే దాదాపు 74 వేలు. ఎవరూ దొంగిలించలేదు, ఎక్కడా కుంభకోణం లేదు, అయినా ప్రజల డబ్బు పోయినట్టే. ఏ పన్నూ పెంచకుండా ఈ నష్టాన్ని ఆపడమే ఆమె చేసిన పని. కంప్యూటర్లు తెచ్చారు, డబ్బు జమయ్యే వేగం పెంచారు, ఆఫీసులో మహిళలకూ నల్లజాతి, హిస్పానిక్ ఉద్యోగులకూ తలుపులు తెరిచారు. టీవీలో చూపించడానికి ఇందులో ఏమీ ఉండదు. 1990లో ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో) అటార్నీ జనరల్ జిమ్ మాటాక్స్‌నీ, మాజీ గవర్నర్ మార్క్ వైట్‌నీ దాటి, ఆ తర్వాత డబ్బున్న రిపబ్లికన్ క్లేటన్ విలియమ్స్‌ని దాదాపు లక్ష ఓట్ల తేడాతో ఓడించేటప్పుడు ఆమె చూపించుకోగలిగిన రికార్డు ఈ ఎనిమిదేళ్ల పనే. విలియమ్స్ నోటిదురుసు కూడా ఆమెకు కలిసొచ్చింది, కాదనను.

నాలుగేళ్లకు జార్జి డబ్ల్యూ బుష్ చేతిలో ఓడిపోయారు కాబట్టి పనితనం లేదన్న వాదన కూడా వింటుంటాం. 1994లో దేశమంతా రిపబ్లికన్ గాలి వీచింది, దానికి ఎదురు నిలవలేక ఓడినవాళ్లు చాలామంది.

చివరిది, "పనికిరాని పదవి కాబట్టే ఎత్తేశారు" అన్నది. ఇందులో కొంత నిజముంది, అందుకే జాగ్రత్తగా చూడాలి. రిచర్డ్స్ తర్వాత ట్రెజరర్ అయిన కే బెయిలీ హచిసన్ 1993లో అమెరికా సెనేట్‌కు వెళ్లారు. ఆ ఖాళీలో గవర్నర్‌గా రిచర్డ్స్ నియమించిన మార్తా వైట్‌హెడ్ పద్ధతులన్నీ చూసి, ఈ పనికి విడిగా ఒక పదవి అక్కర్లేదన్నారు. 1994 ఎన్నికల్లో "నన్ను గెలిపించండి, నా పదవినే రద్దు చేయిస్తాను" అని ప్రచారం చేసి గెలిచారు. 1995లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు, 1996లో ట్రెజరీ కంప్ట్రోలర్ ఆఫీసులో కలిసిపోయింది. అంటే పోయింది విడి కుర్చీ, పని కాదు. రాష్ట్రం డబ్బు బ్యాంకులో వేసి వడ్డీ తేవడం ఈ రోజుకీ జరుగుతోంది, కంప్ట్రోలర్ చేతుల్లో. ట్రెజరీ చూసిన మరో పని, యజమానులు మరిచిపోయిన సొమ్మును దాచి అడిగినవాళ్లకు తిరిగివ్వడం, అదీ అక్కడే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉంటూ ఇళ్లూ ఉద్యోగాలూ మారిన తెలుగువాళ్లు కంప్ట్రోలర్ వెబ్‌సైట్‌లో ఒకసారి తమ పేరు వెతుక్కోండి. పాత కరెంటు డిపాజిట్టో, అందని జీతం చెక్కో మీ పేరు మీద ఉండొచ్చు.