సంఘం తెరవకూడని గది

విదేశంలో ఉంటున్న మనవాళ్లలో మద్యం మానాలనుకునేవారి కోసం మన తెలుగు సంఘం తరఫునే తెలుగులో ఒక సహాయక బృందం పెట్టాలన్న మాట ఈ మధ్య తరచు వినిపిస్తోంది. ఉద్దేశం మంచిదే, కానీ నేను ఒప్పుకోను. ఆ గదిలోకి అడుగుపెట్టిన మనిషికి ఎదురుగా ఎవరు కూర్చుంటారు? ఆఫీసులో పక్క కుర్చీవాడో, రేపు వియ్యంకుడయ్యే అవకాశమున్న పెద్దమనిషో, పోయిన ఎన్నికల్లో అతని చేతిలో ఓడిపోయిన కార్యదర్శో. అలాంటి చోట ఎవరు నోరు విప్పుతారు? ‘అప్పుడప్పుడు కాస్త ఎక్కువవుతోందండీ’ అని తప్పుకుంటారు. ఆ మాట ఇంట్లో ఎలాగూ అంటూనే ఉన్నారు.

తాగుడు మానాలనుకునేవారు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టిందే ఇద్దరు అపరిచితుల మధ్య. 1935లో బిల్ విల్సన్ అనే షేర్ మార్కెట్ మనిషి వ్యాపారం పని మీద అమెరికాలోని ఆక్రన్ నగరానికి వెళ్లాడు. పని చెడింది. హోటల్లో బారు పిలుస్తుంటే, తనలాంటి తాగుబోతు ఎవరైనా మాట్లాడటానికి దొరుకుతారా అని ముక్కూ మొహం తెలియనివారికి ఫోన్లు చేశాడు. చివరికి బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు దొరికాడు. పావుగంటకు మించి కూర్చోనన్న ఆ డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. మద్యం చేసే హాని ఆయనకు తెలియనిది కాదు, అయినవాళ్ల హితబోధలూ కొత్తవి కావు. తనలాగే తాగి, తనలాగే అబద్ధాలాడిన మనిషి ఎదురుపడటమే కొత్త. ఆయన చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఆ సంస్థ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది.

ఏఏ మీటింగులు వెతకడం కష్టం కాదు. వారి వెబ్‌సైటులోనూ, మీటింగ్ గైడ్ అనే యాప్‌లోనూ దగ్గరలోని మీటింగుల వేళలు దొరుకుతాయి. ఓపెన్ అని రాసి ఉంటే ఎవరైనా వెళ్లి వినవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవారికి, లేదా ఉందేమోనని అనుమానం ఉన్నవారికి మాత్రమే. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. చందా డబ్బా చేతులు మారుతూ వస్తే కొత్తవారు పక్కకు అందించేయవచ్చు. మాట్లాడాల్సిన వంతు వచ్చినా ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. తెలిసినవాళ్లు కనబడతారన్న భయముంటే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. వేరే దేశపు బృందంలోనైనా కూర్చోవచ్చు.

ఒక్క మీటింగుకు వెళ్లి ‘మనకు సరిపడదు’ అని తేల్చేసేవారితోనే నాకు పేచీ. ఒక చోట అంతా ముసలివాళ్లే ఉండవచ్చు, ఇంకో చోట ఒకాయనే అరగంట మాట్లాడవచ్చు. నాలుగైదు బృందాలు చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటు. దేవుడి ప్రస్తావన గురించిన ఇబ్బంది మాత్రం నిజమైనదే. మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడున్నాడు, ఎవరికి అర్థమైనట్టు వారి దేవుడని వివరణ ఇచ్చినా సరే. కొన్ని బృందాలు చివర క్రైస్తవ ప్రార్థన చదువుతాయి. అది మింగుడుపడనివారికి, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే పద్ధతులు నేర్పే స్మార్ట్ రికవరీ ఉంది. స్త్రీల కోసమే విమెన్ ఫర్ సొబ్రైటీ ఉంది.

ఇదంతా కాలక్షేపం కబుర్లని కొట్టిపారేసే చదువుకున్నవారు మనలో ఎక్కువ. 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన సమీక్ష 2020లో వచ్చింది, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నుంచి. మనుషులను ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స తీసుకున్నవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు సుమారు 42 శాతం. ఇతర చికిత్సలు తీసుకున్నవారిలో 35 శాతం. అద్భుతం కాదు, తీసిపారేయదగ్గదీ కాదు.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు మాత్రం పంతానికి రాత్రికి రాత్రే మానేయకూడదు. మూర్ఛలు రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరును కలవాలి. కోరికను తగ్గించే మందులూ ఉన్నాయి. మీటింగులు వాటికి ప్రత్యామ్నాయం కావు.

ఇక ఇంట్లోవాళ్లు. భర్త కోసం మీటింగులు వెతికి, చీటీ మీద రాసిచ్చి, అతను వెళ్లలేదని కుమిలిపోయే భార్యకు తన కోసమే ఒక గది ఉందని చాలాసార్లు తెలియదు. తాగేవారి కుటుంబాల కోసం 1951లోనే అల్-అనాన్ మొదలైంది. అతను మానినా మానకపోయినా ఆమె వెళ్లవచ్చు.

మరి ఇంగ్లీషులో మనసు విప్పలేని పెద్దవారి సంగతేమిటన్న ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. సంఘం వాదనలో బలమైనది అదొక్కటే. వారికి స్వదేశంలోని తెలుగు బృందాల ద్వారా ఆన్‌లైన్‌లో చోటు దొరుకుతుందేమో వెతికిపెట్టడం మంచిది. అక్కడా ముఖాలు తెలియనివారే ఉంటారు.

సంఘం చేయగలిగిన పనులు ఇంకా ఉన్నాయి. విందుల్లో గ్లాసు పట్టుకోని మనిషిని కారణం అడగకుండా ఉండటం మనందరి చేతిలోనే ఉంది. ఈ పత్రిక ప్రతి సంచికలోనూ ఒక పేజీ కేటాయించి, మీటింగులు ఎలా వెతకాలో, డాక్టరును ఎప్పుడు కలవాలో అచ్చువేయాలి. ఆ పేజీలో కార్యవర్గ సభ్యుల ఫోను నంబర్లు మాత్రం వేయవద్దు. తాను ఫోను చేసిన సంగతి ఈ సంఘంలో ఒక్కరికి తెలుస్తుందన్నా చాలామంది ఆ పని చేయరు.